అవ్వ ఇల్లు, ఆవు, నక్షత్రం

మన సంఘం పత్రికలో సంక్రాంతి గొబ్బెమ్మల మీద, ఉగాది పచ్చడి మీద, దసరా బొమ్మల కొలువు మీద వ్యాసాలు వస్తూనే ఉంటాయి. నేనూ వాటిని వదలకుండా చదువుతాను. డిసెంబరు సంచికకు క్రిస్మస్ గురించి ఏదైనా రాయమని సంపాదకులు అడిగినప్పుడు మాత్రం కాస్త వెనకాడాను. చదివింది బి.కాం., చేసేది బ్యాంకు ఉద్యోగం. ముప్పై ఏళ్ళుగా నేను రాసినవన్నీ "పై విషయమై తమకు తెలియజేయునది ఏమనగా" అని మొదలయ్యేవే. "మీ ఇంట్లో జరిగినవే రాయండి సార్, చాలు" అన్నారు వారు. మా ఇంట్లో జరిగినవంటే నవ్వులాటకు కొదవ లేదు. ఆ నవ్వుల మధ్యన నేను ఇప్పటికీ తీర్చుకోలేని బాకీ కూడా ఒకటి ఉంది. రెండూ కలిపే రాస్తున్నాను.

బెళ్ళందూరు పేరు చెబితే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేది ట్రాఫిక్. ఆ తర్వాత చెరువు. బెంగళూరు చెరువుల్లోకెల్లా పెద్దది, సుమారు 900 ఎకరాలు. నగరం మురుగంతా మోసుకుని, నురగలు కక్కుతూ, 2015లోనూ 2017లోనూ 2018లోనూ ఏకంగా నిప్పంటుకుని దేశమంతటా పేరు తెచ్చుకుంది. నీళ్ళు తగలబడడం ఏమిటని మా ఒంగోలు బంధువులు ఫోన్ చేసి మరీ అడిగేవారు. మేము వచ్చింది మాత్రం అంతకు చాలా ముందు, 2003 డిసెంబరులో. అప్పటికి బెళ్ళందూరు పంచాయతీ ఊరే. 2007లోగాని నగరపాలికలో కలవలేదు. రింగు రోడ్డు వచ్చింది కాని, దాని పక్కన అద్దాల మేడలు ఇంకా లేవలేదు. రోడ్డు దిగితే చాలు, రాగి చేలు, కొబ్బరి చెట్లు, చెరువు గడ్డి మోపులు నెత్తిన పెట్టుకుని వచ్చే ఆడవాళ్ళు. ఇంకో విశేషం, ఆ పాత ఊళ్ళోని రెడ్ల ఇళ్ళలో చాలామంది మాట్లాడేది తెలుగు. తరాలుగా కన్నడ దేశంలో ఉండి, బడిలో కన్నడం చదువుకుని, ఇంట్లో మాత్రం తెలుగు నిలుపుకున్న వాళ్ళు. మనం ఆంధ్రా నుంచి వచ్చి "ప్రవాసాంధ్రులం" అని సంఘాలు పెట్టుకోకముందే ఇక్కడ తెలుగు ఉంది.

నాకు ప్రమోషన్ మీద చీరాల నుంచి బెంగళూరుకు బదిలీ అయింది. చేరవలసిన తేదీ డిసెంబరు 18. బ్యాంకు వారి క్యాలెండరులో క్రిస్మస్ ఒక సెలవు మాత్రమే గాని, ఇల్లు మారడానికి పనికిరాని వారమని వాళ్ళకు తెలియదు కదా. మా ఆవిడ, ఆరేళ్ళ బాబు, మూడేళ్ళ పాప, అమ్మ, నేను, ఒక లారీడు సామాను. ముందుగా మాట్లాడి అడ్వాన్సు ఇచ్చిన ఇంటివారు మేము దిగేసరికి మనసు మార్చుకున్నారు. కోరమంగలలో ఒక సహోద్యోగి తన ఒక్క పడకగదిలో మమ్మల్ని సర్దుకోమన్నాడు. లారీవాడు పూటకోసారి "హాల్టింగు చార్జీ సార్" అని గుర్తు చేస్తున్నాడు.

మూడు రోజులు ఇళ్ళ కోసం తిరిగాం. గేటు దగ్గర పలకరింపు బాగానే ఉండేది. కాసేపటికి "మీరేమిట్లు?" అని మెల్లగా అడిగేవారు. అది ఎలాంటి ప్రశ్నో తెలుగువాళ్ళకు విడమరిచి చెప్పనక్కరలేదు. క్రైస్తవులమని చెబితే, "మా అత్తగారు ఊరి నుంచి రావచ్చు, ఇల్లు ఆవిడకు ఉంచామండీ" అనేవారు. అలా మూడు రోజుల్లో అయిదుగురు అత్తగార్లు ఊళ్ళ నుంచి బయలుదేరారు. నాకు కోపం వచ్చింది గాని, అమ్మ మాత్రం "పోనీలేరా, యోసేపు కూడా ఇట్లాగే తిరిగాడు" అంది.

ఇక్కడ క్రిస్మస్ కథ తెలియని వారి కోసం రెండు ముక్కలు చెప్పాలి. రోమా చక్రవర్తి అగస్తు కైసరు జనాభా లెక్కలు రాయించమని ఉత్తరువు వేశాడు. ఎవరి పేరు వారు సొంత ఊరికి వెళ్ళి నమోదు చేయించుకోవాలి. మా భాషలో చెప్పాలంటే కె.వై.సి. అన్నమాట. నజరేతులో ఉండే యోసేపు అనే వడ్రంగి, నిండు చూలాలైన మరియమ్మను వెంటబెట్టుకుని తాతముత్తాతల ఊరు బేత్లెహేముకు బయలుదేరాడు. అప్పటికి రైలా బస్సా, వంద కిలోమీటర్లకు పైగా కొండదారి. తీరా వెళితే సత్రంలో చోటు లేదు. బిడ్డ పుట్టాడు, పడుకోబెట్టడానికి పశువుల తొట్టె దొరికింది. ఆ బిడ్డే యేసు. ఆయన పుట్టిన వార్త రాజుకో పూజారులకో కాకుండా, ముందుగా రాత్రిపూట మందను కాచుకుంటున్న గొర్రెల కాపరులకు తెలిసింది. లూకా రాసిన సువార్తలో ఉన్న కథ ఇంతే. ఏటా వింటూనే పెరిగాను. అద్దె ఇల్లు దొరకని ఆ మూడు రోజుల్లోనే మొదటిసారి అది నాకు కథలా కాక, వార్తలా వినిపించింది.

నాలుగో రోజు లారీవాడే దారి చూపించాడు. టీ తాగడానికి బెళ్ళందూరు ఊళ్ళోకి వెళ్ళి, టీ కొట్టులో తెలుగు విని, మా కథ చెప్పేశాడు. సాయంత్రం మమ్మల్ని ఒక ఇంటికి తీసుకెళ్ళాడు. పాత పెంకుటిల్లు, పక్కనే పశువుల కొట్టం, కొట్టానికి ఆనుకుని రెండు గదులు. అరుగు మీద ఒక అవ్వ కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నేను నా ఉద్యోగం, జీతం, బ్యాంకు పేరు అన్నీ చెప్పడం మొదలుపెట్టాను. చివరికి, తర్వాత తెలిస్తే బాగుండదని, "మేము క్రైస్తవులమండీ" అని కూడా చెప్పేశాను. అవ్వ నా మొహం కూడా చూడలేదు. మా ఆవిడ భుజం మీద నిద్రపోతున్న పాపను చూసింది.

"పిల్లోళ్ళు ఉండారు కదప్పా, ఈ చలిలో ఏడికి పోతారు? రాండి లోపలికి. బాడుగ సంగతి పండగయినాక చూసుకుందాము."

అంతే. అగ్రిమెంటు లేదు, స్టాంపు కాగితం లేదు, పది నెలల అడ్వాన్సు లేదు. ఇరవై రెండేళ్ళ బెంగళూరు జీవితంలో నేను చూసిన అతి చిన్న లీజు డీడు అదే.

ఆ రాత్రి కొట్టంలోంచి ఆవు అరుస్తుంటే మా బాబు భయపడి లేచి కూర్చున్నాడు. పొద్దున అవ్వకు ఆ సంగతి చెప్పి, పనిలో పనిగా అమ్మ బేత్లెహేము కథ కూడా చెప్పింది. అవ్వ శ్రద్ధగా విని, "అయితే మీ దేవుడూ కొట్టం కాడనే పుట్టినాడా! ఇంక మీకేం తక్కువ?" అంది. మేమంతా నవ్వాం. క్రిస్మస్ మీద అంతకంటె పొట్టి ప్రసంగం నేను ఏ చర్చిలోనూ వినలేదు.

ఇక నక్షత్రం సంగతి. మా వైపు క్రిస్మస్‌కు ఇంటి ముందు నక్షత్రం కట్టకపోతే పండగ రానట్టే. నాన్న ఉన్నప్పుడు వెదురు బద్దలు చీల్చి, రంగు కాగితాలు అంటించి, లోపల నలభై క్యాండిల్ బల్బు పెట్టి వేపచెట్టుకు కట్టేవారు. తూర్పు దేశపు జ్ఞానులకు దారి చూపిన చుక్కకు గుర్తు అది. నేను కూడా 23వ తేదీ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, మైదాపిండి ఉడికించి, అర్ధరాత్రి దాకా కూర్చుని నక్షత్రం తయారుచేశాను. ఆరడానికి వసారాలో వేలాడదీసి పడుకున్నాను. నాన్న మైదాపిండిలో కాస్త మైలతుత్తం కలిపేవారని నాకు గుర్తే లేదు. అది కలపకపోవడం ఒక విధంగా మంచిదే అయింది, లేకపోతే ఆవు బతికేది కాదు. తెల్లవారి చూస్తే వెదురు బద్దలు మాత్రం మిగిలాయి. ఎర్ర కాగితం ముక్క ఒకటి ఆవు మూతికి అంటుకుని ఉంది. నా అర్ధరాత్రి కష్టమంతా నెమరువేస్తూ ఎంతో ప్రశాంతంగా నా వైపు చూస్తోంది. మా పాప మాత్రం "నాన్నా, ఆవు స్టార్ తినేసింది, ఇప్పుడు జ్ఞానులు ఎట్లా వస్తారు?" అని ఒకటే ఏడుపు.

అవ్వ లోపలికి వెళ్ళి, దీపావళికి మనవడు కొని కట్టిన ఆకాశబుట్టి దుమ్ము దులిపి తెచ్చింది. "ఇది కట్టుకోండి. దీపం దీపమే కదా" అంది. ఆ ఏడు మా ఇంటి ముందు క్రిస్మస్ నక్షత్రం స్థానంలో దీపావళి ఆకాశబుట్టి వెలిగింది. జ్ఞానులకు దారి తప్పినట్టు ఫిర్యాదులేమీ రాలేదు. ఆనాటి నుంచి ఏటా మా గుమ్మానికి రెండూ కడతాం, నక్షత్రమూ ఆకాశబుట్టీ. కొత్తగా వచ్చినవాళ్ళు అడిగితే ఈ ఆవు కథ చెబుతాం.

జ్ఞానులంటే నా నాటక జీవితం గుర్తొస్తుంది. 1979లో నేను నాలుగో తరగతి. ఒంగోలు దగ్గర మా ఊరి సండే స్కూలు పిల్లలందరం క్రిస్మస్ నాటిక వేశాం. జ్ఞానులు తెచ్చిన కానుకలు బంగారం, సాంబ్రాణి, బోళం. బంగారమంటే నాయనమ్మ రోల్డుగోల్డు గాజులు. సాంబ్రాణి పచారీ కొట్లో దొరికింది. బోళం నా వంతు. అది ఏమిటో నాకూ తెలియదు, నాటిక నేర్పే టీచరు గారికీ తెలియదు. "ఏదో ఒక డబ్బా పట్టుకురా, లోపల ఏముందో ఎవరు చూస్తారు" అన్నారావిడ. నేను వంటింట్లో కనిపించిన డబ్బాకు బంగారు రంగు కాగితం చుట్టి పట్టుకెళ్ళాను. స్టేజి మీద మోకరించి, ఉత్సాహం ఆపుకోలేక మూత కూడా తీశాను. అది ముద్ద ఇంగువ. మరియమ్మ వేషం వేసిన అమ్మాయి బాలయేసు బొమ్మను వదిలేసి రెండు చేతులతో ముక్కు మూసుకుంది. యోసేపు తుమ్మాడు. ముందు వరసలో పెద్దవాళ్ళు "సాంబారు ఎవరింట్లోరా?" అని కేకలు.

ఆ రాత్రి అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, నవ్వాపుకుని కానుకల అర్థం చెప్పారు. బంగారం రాజుకు, సాంబ్రాణి దేవునికి, బోళం మరణానికి గుర్తు. శవానికి పూసే సుగంధ ద్రవ్యాల్లో బోళం ఒకటి. యేసును సమాధి చేసినప్పుడు కూడా నీకొదేము అనే పెద్దమనిషి బోళం తెచ్చాడు. పుట్టినరోజు కానుకలోనే చావు కబురు ఉందన్నమాట. అయ్యగారు చెప్పింది చర్చి పెద్దలు వందల ఏళ్ళుగా చెబుతున్న అర్థమే. ఇంటికి వచ్చాక నాయనమ్మ మాత్రం ఒప్పుకోలేదు. ఊళ్ళో కాన్పులకు సాయం వెళ్ళే మనిషి ఆవిడ. "బాలింతలకు ఇచ్చేదే బోళం. పిల్లాడికి బంగారం, ఇంటికి సాంబ్రాణి, బాలింతకు బోళం. ఆ జ్ఞానులు ఎవరో గాని ఇంగితం తెలిసినవాళ్ళు. పురుడొచ్చిన ఇంటికి ఏం పట్టుకెళ్ళాలో వాళ్ళకు తెలుసు" అంది. నాకు యాభై దాటాక ఇప్పుడు అనిపిస్తుంది, ఇద్దరూ నిజమే చెప్పారని.

మా నాయనమ్మ తాతగారి కాలంలో మావాళ్ళకు ఊళ్ళో చోటు లేదు. ఊరికి దూరంగా విసిరేసినట్టుండే గూడెం. ఊరి బావిలో చేద వేసే హక్కు లేదు, బడి అరుగు ఎక్కే హక్కు లేదు. 1876 నుంచి 78 దాకా వచ్చిన పెద్ద కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషను క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి పని ఇచ్చాడు. ఆ తట్టలు మోసినవాళ్ళలో మా పెద్దలూ ఉన్నారని ఇంట్లో చెప్పుకుంటారు. తిండి కోసం మతం పుచ్చుకున్నారనే మాట రాకూడదని కరువు పని నడిచినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కరువుకూ చర్చికీ మన వైపు ఇంకో ముడి కూడా ఉంది. మెదక్ చర్చి చూసినవారికి తెలుసు, 1914 నుంచి పదేళ్ళపాటు కరువు కూలీల చేతులతో లేచిన కట్టడం అది. 1924 క్రిస్మస్ నాడే ప్రతిష్ఠ జరిగింది. 175 అడుగుల ఆ గోపురం కింద నిలబడితే నాకు పొడవు కంటె ముందు ఆ కూలి అన్నమే గుర్తొస్తుంది. పశువుల తొట్టెలో పుట్టిన దేవుడి కథ మా పెద్దలకు ఎందుకు అంత దగ్గరగా తోచిందో అర్థం చేసుకోవడానికి పెద్ద చదువులు అక్కరలేదు. సత్రంలో చోటు లేదనే మాట వాళ్ళు రోజూ వింటున్నదే.

ఇక మళ్ళీ బెళ్ళందూరుకు వస్తాను. అవ్వ ఇంట్లో ఎనిమిదేళ్ళు ఉన్నాం. ఆ మొదటి క్రిస్మస్‌కు అమ్మ ఆ రెండు గదుల్లోనే అరిసెలు వండింది. పాకం పట్టడంలో అవ్వకూ అమ్మకూ పంతం వచ్చి, చివరికి ఇద్దరి పాకమూ ముదిరింది. ఆ అరిసెలు తినడానికి మా బాబు పాలపళ్ళు రెండు ఖర్చయ్యాయి. అదే వారం బెంగళూరు కేకుతో కూడా మాకు పరిచయమైంది. మా బ్రాంచిలో పనిచేసే ఒకావిడ నల్లగా నిగనిగలాడే ప్లమ్ కేకు ఇచ్చారు. అమ్మ నిష్ఠగల బాప్టిస్టు, దగ్గు మందు సీసా మీద కూడా ఆల్కహాలు ఉందేమో చదివించుకునే మనిషి. రెండు ముక్కలు తిని, "ఈ ఊళ్ళో ఎండుద్రాక్షకు ఎంత రుచిరా!" అంది. ఆ ద్రాక్షను నెల రోజులు రమ్ములో నానబెడతారని నేను నోరు జారాను. అమ్మ కళ్ళు మూసుకుని, తెలియక చేసినదాన్ని క్షమించమని ప్రార్థించింది. కళ్ళు తెరిచి కాసేపు కేకు వైపు చూసి, "మిగిలింది పారేస్తే అదీ పాపమే కదా" అంది.

2011లో దగ్గర్లోనే అపార్టుమెంటులో ఫ్లాటు కొనుక్కున్నాం, మా బ్యాంకు వారి గృహరుణంతోనే. అవ్వ పాలు కాచి ఇచ్చి పంపింది. అపార్టుమెంటు వచ్చాక మా పండగ తీరు కూడా మారింది. తెలుగు, తమిళ, మలయాళ కుటుంబాలన్నీ కలిసి క్లబ్ హౌసులో క్రిస్మస్ చేసేవాళ్ళం. ఒకసారి నన్ను క్రిస్మస్ తాతను చేశారు. ఎర్ర గౌను, దూది గడ్డం, మూట వేసుకుని, పిల్లలు ముందే చూడకూడదని వెనక గేటుకు వెళ్ళాను. కొత్త సెక్యూరిటీ ఆపేశాడు. రిజిస్టరులో పేరు రాయాలన్నాడు. రాశాను. ఎవరింటికి? అందరింటికీ. ఏ పని మీద? "క్రిస్మస్" అని రాశాను. అతడు దాన్ని కొట్టేసి, నా మూట చూసి, "డెలివరీ" అని రాశాడు. నవ్వుకున్నాం గాని, ఆలోచిస్తే ఆ మాట తప్పేమీ కాదు.

ఇప్పుడు బాకీ సంగతి.

2019 డిసెంబరు. అప్పటికి నేను అపార్టుమెంటు సంఘానికి కోశాధికారిని. ఆ ఏటి నాటికకు మా అమ్మాయే దర్శకురాలు. నాకు సత్రం యజమాని వేషం ఇచ్చింది. ఒకే డైలాగు. తలుపు తీసి, "చోటు లేదు, వెళ్ళండి" అనాలి. 24వ తేదీ ఉదయం నేను వాకింగు నుంచి వస్తుంటే రాత్రి కాపలా కుర్రాడు దగ్గరికి వచ్చాడు. రాయచూరు వైపు మనిషి, తెలుగు వచ్చు. ఊరి నుంచి భార్య, మూడు నెలల బిడ్డ వచ్చారట. ఉన్న రేకుల గది ఖాళీ చేయమన్నారట. బేస్‌మెంటులో డ్రైవర్ల గది ఖాళీగానే ఉంది కదా, వేరే గది దొరికేదాకా రెండు మూడు రోజులు ఉండనిస్తారా అని అడిగాడు.

నేను కసురుకోలేదు. ఎంతో మర్యాదగా మాట్లాడాను. అప్పు ఇవ్వలేమని చెప్పేటప్పుడు బ్యాంకు ఆఫీసర్లు ఎంత మర్యాదగా మాట్లాడతారో మీకు తెలుసు. బైలాల ప్రకారం బయటివారిని రాత్రి ఉంచరాదు, కమిటీ తీర్మానం కావాలి, జనవరి మీటింగులో పెడదాం, నాదేముంది బాబూ, రూల్సు అలా ఉన్నాయి అన్నాను. అతడు "సరే సార్" అని వెళ్ళిపోయాడు. నేను ఇంటికి వచ్చి కాఫీ తాగాను. నిజం చెబుతున్నాను, మధ్యాహ్నానికి ఆ సంగతే మరిచిపోయాను.

సాయంత్రం నాటిక. యోసేపు తలుపు తట్టాడు. నేను తీసి, వాళ్ళిద్దరినీ ఎగాదిగా చూసి, నా డైలాగు చెప్పాను. క్లబ్ హౌసు చప్పట్లతో మోగిపోయింది. "అంకుల్, ఎంత న్యాచురల్‌గా చేశారు!" అన్నారు పిల్లలు. నేను పొంగిపోతూ వచ్చి అమ్మ పక్కన కూర్చున్నాను. ఉదయం నేను ఆ కుర్రాడితో మాట్లాడుతున్నప్పుడు అమ్మ బాల్కనీలో బట్టలు ఆరేస్తూ ఉందని నాకు తెలియదు. మాది మొదటి అంతస్తు. అమ్మ నా వైపు చూడకుండానే, "వేషం వేసినట్టు లేదురా" అంది. ఇంకేమీ అనలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లేచి లూకా సువార్త తీశాను. చిత్రమేమిటంటే, అందులో సత్రం యజమాని అనే మనిషే లేడు. చోటు లేదని ఉంది గాని, లేదన్నది ఎవరో లేదు. ఆ పాత్ర నాటకాల వాళ్ళు కల్పించుకున్నది. లూకా ఖాళీగా వదిలేసిన ఆ జాగాలో ఎవరి పేరైనా రాసుకోవచ్చు. ఆ వేషానికి మనుషులు మాత్రం ఏ ఊళ్ళోనైనా దొరుకుతారు. చిన్నప్పటి నుంచి నేను ఆ కథలో గూడెం వైపు నిలబడి వింటూ వచ్చాను. మమ్మల్ని తిప్పిపంపిన అయిదుగురు అత్తగార్ల కథ ఎందరికో చెప్పి నవ్వించాను. నా చేతికి తాళంచెవి వచ్చిన నాడు నేను ఆరో అత్తగారినయ్యాను.

తెల్లవారగానే, చర్చికి బయలుదేరకముందే, అరిసెల డబ్బా పట్టుకుని కిందికి వెళ్ళాను. గేటు దగ్గర కొత్త మనిషి ఉన్నాడు. ఆ కుర్రాడు రాత్రే పని మానేశాడట. ఏజెన్సీ వారిని అడిగాను, హరలూరు వైపు రేకుల షెడ్లలో వెతికాను. దొరకలేదు. పద్దు ఎవరిదో తెలియనప్పుడు మేము సస్పెన్సు అకౌంటులో వేసి ఉంచుతాం. ఆ పద్దు ఇప్పటికీ అక్కడే ఉంది.

జనవరి మీటింగులో ఆ డ్రైవర్ల గది విషయం నేనే పెట్టాను. అవసరంలో ఉన్న పనివాళ్ళు అందులో ఉండవచ్చునని తీర్మానం రాశాను. రెండు గంటల వాదన తర్వాత నాలుగు ఓట్ల మెజారిటీతో నెగ్గింది. మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఊరికి పోలేక నిలిచిపోయిన ఇద్దరు కాపలావాళ్ళు రెండు నెలలు ఆ గదిలోనే ఉన్నారు. దానితో నా బాకీ తీరిందని అనుకోను. ఒకరి ఖాతాలో బాకీ ఇంకొకరి ఖాతాలో జమ వేస్తే ఆడిటరు ఒప్పుకోడు.

2022 సెప్టెంబరులో బెళ్ళందూరు వరద మీరు టీవీల్లో చూసే ఉంటారు. ఒక్క రాత్రి వానకు రింగు రోడ్డు చెరువైంది. సాఫ్ట్‌వేర్ వాళ్ళు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు వెళ్ళారు. నీళ్ళు నడిచే రాజకాలువల మీద, చెరువుల అంచుల మీద ఇళ్ళు లేపితే వాననీళ్ళకు మాత్రం చోటెక్కడిది? అవీ తలుపులు తట్టాయి. మా బేస్‌మెంటు నిండింది, కరెంటు పోయింది, లిఫ్టు ఆగింది. అమ్మకు అప్పటికి డెబ్బై ఏడేళ్ళు. ఏం చేయాలో తోచక నిలబడి ఉంటే అవ్వ మనవడు ట్రాక్టరు వేసుకుని వచ్చాడు. "అవ్వ తీసుకురమ్మన్యాది" అన్నాడు. అమ్మను కుర్చీతో సహా ఎత్తి ట్రాలీలో కూర్చోబెట్టాం. ఆ అవస్థలోనూ అమ్మ, "యోసేపు మరియమ్మలకు గాడిద, మనకు ట్రాక్టరు" అంది.

అవ్వ పెంకుటిల్లు ఇప్పుడు లేదు. అది మిట్ట మీది జాగా, అక్కడ మూడంతస్తుల బిల్డింగు, పైన పిల్లలు అద్దెకుండే పి.జి. అవ్వ మాత్రం అరుగులాంటి మెట్టు మీద అలాగే కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి, "మళ్ళా వచ్చినారా? రాండి. ఈ తూరి కొట్టం లేదప్పా, ఏసీ రూము ఉండాది" అంది. అయిదు రోజులున్నాం. బాడుగ మాట ఎత్తితే, "పండగయినాక చూసుకుందాము" అంది. ఆ పండగ ఇంతవరకూ అవలేదు.

అమ్మ 2023లో ప్రభువు సన్నిధికి వెళ్ళింది. చివరి క్రిస్మస్‌కు మా ఆవిడకు ఒక కట్టడి చేసి వెళ్ళింది. 24వ తేదీ రాత్రి ఒక చాప, ఒక దుప్పటి, ఒక పళ్ళెం ఎక్కువ ఉంచాలి. ఎవరైనా వస్తే వారికి, రాకపోతే మనకు జ్ఞాపకానికి. కిందటేడు మా అబ్బాయి స్నేహితుడొకడు రైలు తప్పి ఆ చాప మీద పడుకున్నాడు. బెంగాలీ బ్రాహ్మణుడు, అరిసెలు ఆరు తిన్నాడు.

క్రైస్తవులు యేసును ఇమ్మానుయేలు అంటారు. దేవుడు మనతోనే ఉన్నాడని దాని అర్థం. ఆయన మనతో ఉండడానికి వస్తే ఎక్కడ ఉంటాడనేదే క్రిస్మస్ ఏటా అడిగే ప్రశ్న అని నాకు తోస్తుంది. దానికి జవాబు నాకంటె ముందు, బైబిలు చదవని బెళ్ళందూరు అవ్వకు తెలుసు.

అందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు. పండగకు మా ఇంటికి తప్పకుండా రండి. నక్షత్రమూ ఆకాశబుట్టీ రెండూ వేలాడే గుమ్మం మాదే. గేటు దగ్గర సెక్యూరిటీ ఏ పని మీద వచ్చారని అడిగితే, క్రిస్మస్ అని చెప్పండి. డెలివరీ అని రాసుకున్నా ఫరవాలేదు, లోపలికి పంపిస్తాడు.